టీవీ లేకుండా పాత గేమ్ క్యాసెట్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చిన్నప్పుడు ఆడుకున్న వీడియో గేమ్ క్యాసెట్లు ఇరవై దాకా ఒక పాత పెట్టెలో దొరికాయి. కొన్ని నింటెండో వారి చేతి యంత్రమైన గేమ్ బాయ్‌వి, మిగిలినవి టీవీకి తగిలించి ఆడే రకరకాల కన్సోళ్లవి. ఆ కన్సోళ్లు ఎప్పుడో పోయాయి. ఇంట్లో టీవీ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఆ గేములనే ఫోన్‌లో దించుకుని ఆడవచ్చని తెలుసు గానీ, ఈ క్యాసెట్లనే పెట్టి ఆడాలని నా కోరిక. తక్కువ ఖర్చులో అయ్యే మార్గం ఏది? అన్నిటికీ ఒకే యంత్రం సరిపోతుందా?

జవాబు: ఒకే యంత్రం కోసం వెతికేటప్పుడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు కనుక ముందు దాని సంగతి చూద్దాం. అలాంటి యంత్రాలు లేకపోలేదు. 2014లో హైపర్‌కిన్ సంస్థ తెచ్చిన రెట్రాన్ 5 అనే పెట్టె నింటెండో కన్సోళ్లయిన నెస్, ఫ్యామికామ్, సూపర్ నెస్, సెగా కన్సోల్ అయిన మెగా డ్రైవ్ క్యాసెట్లతో పాటు గేమ్ బాయ్ కుటుంబంలోని మూడు తరాల (మొదటిది, కలర్, అడ్వాన్స్) క్యాసెట్లనూ తీసుకుంటుంది. అయితే దానికి సొంత తెర లేదు. బొమ్మ హెచ్‌డీఎంఐ సాకెట్ నుంచి మాత్రమే బయటికి వస్తుంది. పైగా అది క్యాసెట్‌ను నేరుగా నడపదు. అందులోని గేమును ముందు తనలోకి నకలు చేసుకుని, ఆ నకలును ఎమ్యులేటర్ మీద, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం మీద నడుపుతుంది. పెట్టె కొని, దానికో తెర కూడా వెతుక్కుని, చివరికి ఆడేది ఎమ్యులేటర్‌లోనే అయితే మీరు వద్దనుకున్నదే మరో వాకిలి గుండా లోపలికి వచ్చినట్టు.

అందువల్ల ఏదైనా కొనే ముందు క్యాసెట్లను నేల మీద పరచి జాతులవారీగా కుప్పలు పెట్టండి. పై కాగితం చిరిగిపోయినా, కింది అంచున ఉన్న బంగారు రంగు పిన్నులను లెక్కపెడితే క్యాసెట్ ఏ యంత్రానిదో తెలిసిపోతుంది. 1983లో జపాన్‌లో విడుదలైన ఫ్యామికామ్ క్యాసెట్‌కు వైపుకు 30 చొప్పున 60 పిన్నులు ఉంటాయి. అదే యంత్రం 1985లో నెస్ అనే పేరుతో అమెరికా చేరినప్పుడు క్యాసెట్ పెద్దదయింది, పిన్నులు 72 అయ్యాయి. అనేక గేములు కలిపి ఒకే పసుపు డబ్బాలో అమ్మిన చిన్న క్యాసెట్లు మీ పెట్టెలో ఉంటే అవి సాధారణంగా 60 పిన్నుల రకమే. ఈ రెండింటి లోపలి ఏర్పాటు దాదాపు ఒకటే కావడం వల్ల, ఒకదానిని మరొకదానిలో పెట్టడానికి పిన్నులు కలిపే చిన్న అడాప్టర్ చాలు. మెగా డ్రైవ్‌కు 64 పిన్నులు. అరచేతిలో ఇమిడే చిన్న క్యాసెట్‌కు 32 పిన్నులు ఉంటే అది గేమ్ బాయ్‌ది; వాటిలో పొడవు సగానికి తగ్గినది గేమ్ బాయ్ అడ్వాన్స్‌ది.

గేమ్ బాయ్ కుప్ప విషయంలో పెద్దగా ఆలోచించే పని లేదు. 2003లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీని సెకండ్ హ్యాండ్‌లో ఒకటి సంపాదిస్తే 1989 నాటి మొదటి క్యాసెట్ల నుంచి కలర్, అడ్వాన్స్ క్యాసెట్ల దాకా అన్నీ అందులో నడుస్తాయి. అది పుస్తకంలా మూసుకుంటుంది, దాని బ్యాటరీ ఛార్జ్ అవుతుంది, తెరకు సొంత వెలుగు ఉంటుంది. కొనేటప్పుడు అడుగున లేబుల్ మీద ఉన్న మోడల్ సంఖ్య చూడండి. ఏజీఎస్-001 అని ఉంటే వెలుగు తెర ముందు వైపు నుంచి పడుతుంది, రంగులు కాస్త వెలిసినట్టు కనిపిస్తాయి. ఏజీఎస్-101 అని ఉంటే వెలుగు తెర వెనుక నుంచి వస్తుంది, బొమ్మ ఎంతో మెరుగు, అమ్మేవారు చెప్పే ధర కూడా అంతే ఎక్కువ. ఈ ఎస్‌పీకి మామూలు ఇయర్‌ఫోన్ సాకెట్ లేదన్న సంగతి చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. నన్నడిగితే, వెలుతురులో కూర్చుని ఆడే అలవాటు ఉన్నవారికి 2001 నాటి మొదటి అడ్వాన్సే నయం. దాని తెరకు వెలుగు లేదు కనుక అడిగేవారు తక్కువ; కానీ అది చేతుల్లో హాయిగా ఇముడుతుంది, రెండు డబుల్ ఏ సెల్లులతో చాలాసేపు నడుస్తుంది, ఇయర్‌ఫోన్ సాకెట్ కూడా ఉంది.

ఈ కుటుంబంలో పేర్లు చూసి మోసపోయే అవకాశం ఎక్కువ. 2005 నాటి గేమ్ బాయ్ మైక్రోలో అడ్వాన్స్ క్యాసెట్లు మాత్రమే నడుస్తాయి. నింటెండో డీఎస్, డీఎస్ లైట్‌లలోనూ అంతే. పాత గేమ్ బాయ్, కలర్ క్యాసెట్లను అవి నడపలేవు. ఆ తర్వాతి డీఎస్‌ఐలో అడ్వాన్స్ క్యాసెట్లు పెట్టే గాడినే తీసేశారు. పాత క్యాసెట్లకు 5 వోల్టుల విద్యుత్తు కావాలి, అడ్వాన్స్ క్యాసెట్లకు 3.3 వోల్టులు చాలు. అడ్వాన్స్ యంత్రం గాడిలో ఉన్న చిన్న స్విచ్ క్యాసెట్ డబ్బా ఆకారాన్ని తడిమి చూసి, ఏది పెట్టారో గ్రహించి, తగిన వోల్టేజీని ఇస్తుంది. ఆ ఏర్పాటు మైక్రోలో, డీఎస్‌లలో లేకుండా పోయింది. 2021లో వచ్చిన అనలాగ్ పాకెట్ ఈ మూడు తరాలనూ అద్భుతంగా నడుపుతుంది. గేమ్ బాయ్ తెరలో అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలుంటే దాని తెరలో సరిగ్గా పదింతలు, అంటే 1600, 1440 చుక్కలు ఉంటాయి. కానీ తక్కువ ఖర్చు అన్న మీ షరతుకు అది ఒదగదు.

ఇక కన్సోళ్ల క్యాసెట్లు. ఇక్కడ టీవీ లేదన్న బెంగ సగం అనవసరం, ఎందుకంటే పసుపు రంగు ఏవీ సాకెట్ (బొమ్మ తీగ తగిలించేది) ఉన్న ఏ తెర అయినా కన్సోల్‌కు టీవీతో సమానమే. కారు వెనక్కి నడిపేటప్పుడు దారి చూపడానికి అమర్చే ఐదు, ఏడు అంగుళాల తెరలు ఇందుకు చక్కగా పనికొస్తాయి. అవి 12 వోల్టుల మీద నడుస్తాయి కనుక ఆ వోల్టేజీ ఇచ్చే అడాప్టర్ ఒకటి కావాలి. చాలావాటికి స్పీకర్ ఉండదు కనుక శబ్దానికి కంప్యూటర్ స్పీకర్లను విడిగా కలుపుకోవాలి. కొన్నిటిలో బొమ్మ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి వస్తుంది, దానిని మెనూలో సరిచేసుకోవాలి. ఎవరూ వాడకుండా మూల పడేసిన పోర్టబుల్ డీవీడీ ప్లేయర్ ఇంకా మంచిది, తెర, స్పీకర్, బ్యాటరీ మూడూ దానిలోనే ఉంటాయి. కాకపోతే దానికి ఏవీ ఇన్ ఉండి తీరాలి. ఏవీ అవుట్ మాత్రమే ఉన్నది డీవీడీ బొమ్మను బయటికి పంపుతుందే తప్ప కన్సోల్ బొమ్మను లోపలికి తీసుకోదు. ఆ సాకెట్ ఇయర్‌ఫోన్ సాకెట్ లాంటి చిన్న రంధ్రమైతే, దానికి వాడే కేబుల్‌లో తీగల వరుస తయారీదారుని బట్టి మారుతుంది. పసుపు మొన పెడితే బొమ్మ రాకపోతే ఎరుపు, తెలుపు మొనలను కూడా పెట్టి చూశాకే తెర పాడైందని తేల్చండి.

క్యాసెట్ గాడి, తెర రెండూ కలిసి ఉండే యంత్రాలూ ఉన్నాయి. హైపర్‌కిన్ వారి సూపాబాయ్ సూపర్ నెస్ క్యాసెట్లను, మై ఆర్కేడ్ వారి రెట్రో ఛాంప్ నెస్, ఫ్యామికామ్ క్యాసెట్లను నేరుగా తీసుకుంటాయి. సెగా సంస్థే 1995లో తన మెగా డ్రైవ్ క్యాసెట్ల కోసం నోమాడ్ అనే చేతి యంత్రాన్ని తెచ్చింది. ఆరు సెల్లులను రెండు మూడు గంటల్లో తాగేసే ఆ యంత్రం నేడు ఆటగాళ్ల కంటే సేకరించేవారి చేతుల్లోనే ఎక్కువగా తిరుగుతోంది, దాని జోలికి పోకండి. మీ కుప్పలో ఒకే జాతి క్యాసెట్లు ఎక్కువగా ఉంటే ఆ జాతికి సరిపోయే ఇలాంటి యంత్రం ఒకటి కొనడం సుఖం. రెండు మూడు జాతులు ఉంటే మాత్రం చిన్న ఏవీ తెర ఒకటి కొని, కన్సోళ్లను ఒక్కొక్కటిగా వీలున్నప్పుడు సెకండ్ హ్యాండ్‌లో సమకూర్చుకోండి. చేతి యంత్రం పాడైతే తెరా పోతుంది, గాడీ పోతుంది. విడివిడిగా ఉంటే పోయినదొక్కటే మార్చుకోవచ్చు.

పాత కన్సోల్ కొనేటప్పుడు అది ఏ మోడలో చూడకపోతే ఈ ఏర్పాటంతా వృథా అవుతుంది. 1983 నాటి మొదటి ఫ్యామికామ్ యాంటెన్నా తీగలోకి పంపే ఆర్‌ఎఫ్ సంకేతాన్ని మాత్రమే ఇస్తుంది. దానిని పట్టడానికి టీవీలోని ట్యూనర్ కావాలి, చిన్న ఏవీ తెరకు అది ఉండదు. 1993లో రూపు మార్చి విడుదల చేసిన ఫ్యామికామ్‌లో ఏవీ ఉంది. విచిత్రం ఏమిటంటే, పక్కన ఏవీ సాకెట్లతో వచ్చిన నెస్‌కు అదే 1993లో అమెరికాలో కొత్త రూపం ఇచ్చినప్పుడు ఆ సాకెట్లను తీసేశారు. సూపర్ నెస్‌తో ఈ చిక్కు లేదు. పైగా సూపర్ నెస్ ఏవీ కేబులే నింటెండో 64కు, గేమ్‌క్యూబ్‌కు కూడా సరిపోతుంది. మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కు ముందు వైపున ఇయర్‌ఫోన్ సాకెట్ ఉంది. వెనుక సాకెట్ నుంచి ఒకే ఛానెల్ శబ్దం వస్తుంటే ముందు సాకెట్ స్టీరియో ఇస్తుంది, కాబట్టి స్పీకర్ లేని తెరకు ఇంతకంటే తగిన జోడీ దొరకదు.

విద్యుత్ అడాప్టర్ విషయంలో పొదుపు పనికిరాదు. నెస్‌తో వచ్చిన అడాప్టర్ 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. ఫ్యామికామ్‌కు, మెగా డ్రైవ్‌కు డీసీ కావాలి. మొన సరిగ్గా దూరింది కదా అని నెస్ అడాప్టర్‌ను ఫ్యామికామ్‌కు తగిలిస్తే యంత్రం కాలిపోతుంది. మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కు మొన మధ్యభాగం రుణధ్రువం కావాలి, ఇప్పుడు దొరికే అడాప్టర్లలో అధిక భాగానికి అది ధనధ్రువం. అడాప్టర్ మీద, యంత్రం మీద ముద్రించిన ధ్రువాల గుర్తులు ఒకటిగా ఉన్నాయో లేదో చూసి గానీ స్విచ్ వేయకండి.

పాత కన్సోళ్లకు నకలుగా కొత్తగా తయారయ్యే క్లోన్ యంత్రాలు చవక, కానీ అన్ని క్యాసెట్లతోనూ వాటికి పొసగదు. నెస్ లోపలి భాగాలన్నిటినీ ఒకే చిప్‌లోకి కుదించిన క్లోన్లలో రంగులు, శబ్దం కొంత తేడాగా ఉంటాయి, ఎంఎంసీ5 అనే అదనపు చిప్ ఉన్న క్యాసెట్లు చాలావాటిలో తెరుచుకోవు. సూపర్ నెస్‌లో 1993 నాటి స్టార్ ఫాక్స్ వంటివి, మెగా డ్రైవ్‌లో 1994 నాటి వర్చువా రేసింగ్ కూడా ఇలా క్యాసెట్‌లోనే సొంత ప్రాసెసర్‌ను మోసుకొచ్చినవే. క్లోన్లు తడబడేది సాధారణంగా ఇలాంటి వాటి దగ్గరే. మీకు అన్నిటికంటే ఇష్టమైన గేము వీటిలో ఒకటైతే అసలు కన్సోల్ కోసమే ఆగండి. నింటెండో 64 క్యాసెట్లు ఉంటే అసలు కన్సోల్‌ను చిన్న తెరకు కలపడం తప్ప చవకైన దారి లేదు.

క్యాసెట్ పెట్టగానే తెర నల్లగానో బూడిద రంగులోనో ఉండిపోతే క్యాసెట్ చచ్చిపోయిందని అనుకోకండి. దూదిపుల్లను 90 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిన్నుల మీద నలుపు వదిలే దాకా రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ పెట్టండి. నోటితో ఊదే పాత అలవాటు మనందరిదీ. ఊదినప్పుడు పని చేసినట్టు కనిపించింది క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టడం వల్ల. ఊపిరిలోని తేమ మాత్రం ఆ లోహాన్ని మెల్లగా తినేస్తుంది.

ప్రశ్న: నా దగ్గర పని చేస్తున్న మెగా డ్రైవ్, వీజీఏ సాకెట్ ఉన్న పాత కంప్యూటర్ మానిటర్ ఉన్నాయి. ఒక చివర పసుపు మొన, మరో చివర వీజీఏ మొన ఉన్న కేబుల్ కొన్నాను, బొమ్మ రాలేదు. తర్వాత యూఎస్‌బీ క్యాప్చర్ పుల్ల కొని ల్యాప్‌టాప్‌కు కలిపాను. బొమ్మ వచ్చింది కానీ, బటన్ నొక్కాక పాత్ర ఎగరడానికి ఆలస్యమవుతోంది. లోపం కన్సోల్‌దా?

జవాబు: కన్సోల్‌లో ఏ లోపమూ లేదు. అది పంపే బొమ్మలో గీతలు సెకనుకు సుమారు 15,700 చొప్పున వస్తాయి. వీజీఏ మానిటర్ సాధారణంగా సెకనుకు 31,500 గీతల కంటే తక్కువ వేగాన్ని అందుకోలేదు. అదీగాక పసుపు తీగలో రంగులన్నీ ఒకే సంకేతంలో కలిసి వస్తాయి, వీజీఏకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా కావాలి. మొనల ఆకారం మాత్రమే మార్చే కేబుల్ ఈ రెండు పనుల్లో ఒక్కటీ చేయదు. లోపల సర్క్యూట్ ఉండి, సొంతంగా విద్యుత్తు తీసుకునే కన్వర్టర్ పెట్టె అయితేనే ప్రయోజనం.

ఆ పెట్టెలలోనూ తేడా ఉంది. పాత కన్సోళ్లు బొమ్మను 240 గీతలతో ప్రతిసారీ పూర్తిగా గీస్తాయి. చౌక కన్వర్టర్లు దానిని టీవీ ప్రసారాల మాదిరి రెండు విడతల్లో సగం సగంగా వచ్చే 480 గీతల బొమ్మగా పొరబడి, వెనకా ముందూ వచ్చిన రెండు బొమ్మలను కలిపి కుట్టేస్తాయి. దానితో కదిలే పాత్రల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి, మినుకుమినుకుమంటూ కనిపించవలసిన నీడలు చారలుగా మారతాయి లేదా మాయమవుతాయి. రెట్రోటింక్ 2ఎక్స్ వంటివి 240 గీతల బొమ్మను గుర్తించి, ఒక్కో గీతను రెండుగా చేసి దాదాపు ఆలస్యం లేకుండా హెచ్‌డీఎంఐలోకి పంపుతాయి. అయితే వాటికి పెట్టే డబ్బుతో ముందు జవాబులో చెప్పిన చిన్న ఏవీ తెర వచ్చి ఇంకా మిగులుతుంది.

క్యాప్చర్ పుల్ల రికార్డింగ్ కోసం పుట్టింది. బొమ్మను అంకెలుగా మార్చి, కంప్యూటర్ జ్ఞాపకంలో పేర్చి, ఆ తర్వాత కిటికీలో చూపించేసరికి పదో వంతు సెకను దాకా గడిచిపోతుంది. సెకనుకు 60 బొమ్మలు గీసే గేములో ఒక్కో బొమ్మ వంతు 16.7 మిల్లీసెకన్లే కనుక మీరు ఆరు బొమ్మల వెనక నడుస్తున్నట్టు లెక్క. పరుగులు, దూకుళ్లు ఉన్న గేములను ఇలా ఆడలేరు. వంతులవారీగా ఎత్తులు వేసే గేములకు, కథ చదువుతూ సాగే వాటికి మాత్రం ఈ ఆలస్యం అడ్డే కాదు. మరో తెర కొనలేని పక్షంలో మీ క్యాసెట్లలో అలాంటివి ఏరుకోండి.

ప్రశ్న: వేల గేములు నింపి అమ్మే చేతి యంత్రాలు చాలా చవకగా కనిపిస్తున్నాయి. వాటిలో నా క్యాసెట్లు పడతాయా?

జవాబు: పడవు. వాటికి మెమరీ కార్డు గాడి తప్ప క్యాసెట్ గాడి ఉండదు. కంప్యూటర్ ఇప్పటికే ఉన్నవారికి మరో దారి ఉంది. ఎపిలాగ్ వారి జీబీ ఆపరేటర్ అనే చిన్న యూఎస్‌బీ పరికరంలో గేమ్ బాయ్ క్యాసెట్ పెడితే అది కంప్యూటర్ తెర మీద నడుస్తుంది. రెట్రోడ్ అనే మరో పరికరం సూపర్ నెస్, మెగా డ్రైవ్ క్యాసెట్లను పెన్ డ్రైవ్‌లోని ఫైలు మాదిరి చూపిస్తుంది. ఆడించేది ఎమ్యులేటరే, కాకపోతే క్యాసెట్ మాత్రం మీదే.

ప్రశ్న: నా గేమ్ బాయ్ క్యాసెట్ పోకెమాన్ గోల్డ్. గేము నడుస్తోంది కానీ, యంత్రం ఆపగానే ఆడినదంతా చెరిగిపోతోంది. నా తమ్ముడి పోకెమాన్ రూబీలో లోపలి బ్యాటరీ అయిపోయిందన్న సందేశం వస్తున్నా ఆట మాత్రం భద్రంగా ఉంటోంది. ఎందుకీ తేడా?

జవాబు: 1999 నాటి గోల్డ్‌లో మీరు దాచుకున్న ఆట, గేములోని గడియారం రెండూ ఒకే నాణెం బ్యాటరీ మీద ఆధారపడి ఉన్నాయి. గడియారం రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది కనుక, గడియారం లేని క్యాసెట్ల కంటే దీని బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. 2002 నాటి రూబీలో ఆటను దాచేది విద్యుత్తు అక్కరలేని ఫ్లాష్ చిప్. బ్యాటరీ గడియారానికి మాత్రమే. అందుకే మీ తమ్ముడి ఆట నిలిచింది, కాలంతో ముడిపడిన సంఘటనలు మాత్రం జరగవు.

గోల్డ్‌కు కావలసినది సీఆర్2025 బ్యాటరీ, రూబీకి సీఆర్1616. రెండు కొసలకూ లోహపు రేకులు అతికించి ఉన్నవే కొనండి. మామూలు నాణెం బ్యాటరీ మీద నేరుగా టంకం పెడితే వేడికి అది పగిలే ప్రమాదం ఉంది, టేపుతో అంటించినది నాలుగు కుదుపులకు ఊడుతుంది. గోల్డ్ డబ్బాను తెరవడానికి దాని ప్రత్యేకమైన స్క్రూలకు సరిపోయే 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ స్క్రూడ్రైవర్ కావాలి. పాత బ్యాటరీ ధన, రుణ గుర్తులను ఫొటో తీసి ఉంచుకుని, కొత్తదానిని అదే వరుసలో టంకం వేయండి. మీ క్యాసెట్‌లో ఇక పోవడానికి ఏమీ లేదు కనుక నిశ్చింతగా విప్పవచ్చు. ఇంకా ఆట మిగిలి ఉన్న క్యాసెట్లు ఏవైనా ఉంటే, బ్యాటరీ తీసిన క్షణమే అది పోతుంది కాబట్టి, ముందు జవాబులో చెప్పిన యూఎస్‌బీ పరికరంతో దానిని కంప్యూటర్‌లోకి నకలు తీసుకుని, కొత్త బ్యాటరీ వేశాక తిరిగి క్యాసెట్‌లోకి రాయండి.